దండం పెట్టిన ఇల్లు

“వాణ్ణి పొమ్మని చెప్పు,” అంది పాన్యాంగ్.

“ఏమని చెప్పను?” అంది కూతురు తార్సిలా.

“ఇల్లు మోయడానికి మనుషులు సరిపోయారని చెప్పు.”

“సరిపోలేదు కదమ్మా. ముందు వరస ఎడం మూలకి మనిషి లేడని ఆంబో మావయ్య పొద్దుట్నించీ అరుస్తున్నాడు. పల్లెంతా విన్నది.”

“వాడు తప్ప ఇంకెవడైనా రానీ.”

తార్సిలా వెదురు బద్దల నేల సందుల్లోంచి కిందికి చూసింది. నిచ్చెన దగ్గర డెన్సియో నిలబడే ఉన్నాడు. తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. ఉతికిన చొక్కా తొడుక్కొచ్చాడు. ఇల్లు మోయడానికి ఉతికిన చొక్కా వేసుకొచ్చేవాడు ఈ ఇలయా పల్లెలో వాడొక్కడే.

ఏడాదిగా వాడు ఈ ఇంటికి చాకిరీ చేస్తున్నాడు. పిల్లనడిగినవాడు పిల్ల ఇంట నీళ్ళు మోయాలి, కట్టెలు కొట్టాలి. పిల్ల తల్లి వాడి నీళ్ళు ఏనాడు గొంతులో పోసుకుంటే ఆనాడు ఒప్పుకున్నట్టు. పాన్యాంగ్ ఆ నీళ్ళతో గిన్నెలు తోమింది, కాళ్ళు కడుక్కుంది, పందికి పోసింది. తాగడానికి మాత్రం ఊటకి తనే పోయి తెచ్చుకుంది.

వాడు చెడ్డవాడని కాదు. వాడి మేనమామ మౌరో. జపాను వాళ్ళు పెట్టిన పేటపెద్ద. చేతికి గుడ్డ పట్టీ కట్టుకుని, వంతెన మీద కాపలా సిపాయి పక్కన నిలబడి, వచ్చేపోయేవాళ్ళు ఎవరి తాలూకో చెప్పే మనిషి. అటువంటి వాడి మేనల్లుణ్ణి ఈ రోజు ఈ ఇంటి కిందికి రానివ్వడమంటే, పిల్లిని పిలిచి పాలదుత్త అప్పగించడమే.

ఎందుకంటే లోపలి గదిలో గాదె ఉంది. గాదెలో ఒనొఫ్రే ఉన్నాడు.

జపాను వాళ్ళతో పోరాడుతూ కొండల్లో ఉండాల్సిన కొడుకు, తొడలో తూటాతో ఇంటికొచ్చి పడ్డాడు. వాడి తోటివాళ్ళు ఇంకా పైకి వెళ్ళిపోయారు. ఇటు చూస్తే, ఏటికి ఇవతల ఉన్న ఇళ్ళన్నీ ఈ సాయంత్రానికల్లా పట్నం వైపుకి మోసుకుపోవాలని, మిగిలినవాటిని తగలబెడతామని సైన్యం చాటింపు వేయించింది. నడవలేనివాణ్ణి వంతెన దాటించాలంటే ఒకటే దారి. ఇంట్లో పెట్టి ఇంటితో పాటు మోయించడం.

“వాణ్ణి పొమ్మంటే ఎందుకు పొమ్మన్నావని అడుగుతాడు వాళ్ళ మామ,” అంది తార్సిలా మెల్లగా. “ఏడాది నించీ నీళ్ళు మోసినవాణ్ణి ఇల్లు మోయొద్దంటే, ఇంట్లో ఏముందీ అనడా?”

పాన్యాంగ్ కూతురి మొహం వంక చూసింది. పిల్ల చెప్పింది నిజం. నిజం కాబట్టే కోపం వచ్చింది.

“వాణ్ణి వెనకేసుకు రావడం బాగా నేర్చుకున్నావు.”

“వాణ్ణి కాదు. అన్నయ్యని.”

గాదెలోంచి మాట వినిపించింది. “మీరు పోట్లాడుకుంటే నాకు నిద్ర పట్టదు. అదే మంచిది. పోట్లాడుకోండి.”

పాన్యాంగ్ గాదె పక్కన చతికిలబడి, అల్లిక సందులో వేలు పెట్టింది. కొడుకు నుదురు తగిలింది. కాలిపోతోంది.

“నొప్పి వస్తే గుడ్డ కొరుకు,” అంది.

“మెలకువుంటే అరవనమ్మా. నిద్రలోకి జారితే మాత్రం నా నోటికి నేను పూచీ కాదు.”

“అయితే నిద్రపోకు.”

“సరే. పెళ్ళిలో పాటలు గుర్తు చేసుకుంటా.”

“ఎవరి పెళ్ళిలో?”

“నా చెల్లెలి పెళ్ళిలో. నీళ్ళు తాగేశావనుకో, కొత్త చొక్కా కుట్టిస్తావు కదా నాకు.”

పాన్యాంగ్ వేలు వెనక్కి తీసుకుంది. ఈ ఇంట్లో చావుబతుకుల్లో ఉన్నవాడు కూడా ఆ డెన్సియో పక్షమే.

ఇక అత్తగారు. సెగుండా ముసలమ్మ వంటింటి మూల గోడకి ఆనుకుని కూచుని ఆకూ వక్కా నములుతోంది. పొద్దుట్నించీ దిగమంటే దిగదు.

“అత్తయ్యా, అందరూ ఎదురు చూస్తున్నారు. దిగండి.”

“నా మొగుడు కట్టిన ఇల్లు. నేను ఎక్కినప్పుడు నిచ్చెన ఉంది. దిగేటప్పుడు నిచ్చెన తీసేస్తామంటారు. ఇదెక్కడి మర్యాద?”

“ఇల్లు లేపేటప్పుడు లోపల మనుషులు ఉండకూడదు. మీకు తెలీదా?”

ముసలమ్మ గాదె వైపు చూసి నవ్వింది. పళ్ళు ఎర్రగా ఉన్నాయి. “తెలీకేం. బాగా తెలుసు.”

చివరికి ఆంబో పైకొచ్చి ఆమెని చంకలో బిడ్డలా ఎత్తుకుని దించాడు. దించుతుంటే వీపు మీద కర్రతో ఒకటి వేసింది. కింద మగవాళ్ళు నవ్వారు. ఆ నవ్వుల్లో, ఆ తిట్లలో, ముసలమ్మ ఉమ్మి వేసుకునే మట్టి పిడత మూలనే ఉండిపోయింది. ఆ పిడతని ఆమె తప్ప ఎవరూ ముట్టుకోరు. కోడలు ముట్టుకుంటే ఆ పూట అన్నం తినదు. అందుకే చాపలు, కుండలు, దేవుడి పటం, దీపం అన్నీ దింపిన పాన్యాంగ్ కన్ను దాని మీద పడి కూడా పడలేదు.

నిచ్చెన తీస్తూ ఆంబో లోపలికి తొంగి చూశాడు. “గాదె దింపలేదేం చెల్లీ?”

“మా మావగారు ఇంట్లోనే కూచుని అల్లిన గాదె. గుమ్మం పట్టదు.”

“ఖాళీదేనా?”

“ఈ రోజుల్లో గాదెలో ధాన్యం ఎవరికుంది అన్నా?”

ఆంబో తల ఊపి కిందికి దిగాడు. నేల కింద వెదురు బొంగులు అడ్డంగా, నిలువుగా కట్టి ఉన్నాయి. పల్లె మగవాళ్ళు తువ్వాళ్ళు సర్దుకుని ఎవరి చోటుకి వాళ్ళు పోయారు. ముందు వరస ఎడం మూల డెన్సియో ఒంగి బొంగు కింద భుజం పెట్టాడు. పాన్యాంగ్ కాదనలేదు.

“ఊపిరి పట్టండి,” అన్నాడు ఆంబో. “ఎత్తు.”

ఇల్లు లేచింది. స్తంభాలు గుంటల్లోంచి మట్టి రాల్చుకుంటూ పైకొచ్చాయి. లేచి, భుజాల మీద నిలబడి, ఒక్క క్షణం ఆగింది.

ఆ క్షణంలో పాన్యాంగ్‌కి అర్థమైంది. తను చేసిన పొరపాటు ఎంత పెద్దదో కూడా.

వీళ్ళు ఈ ఇంటిని కొత్తగా మోయడం లేదు. గాలివాన పడగొట్టిన ఏడాది మోశారు. ఏరు ఒడ్డు కోసిన ఏడాది మోశారు. ఈ ఇల్లు ఎంత బరువుంటుందో వీళ్ళ ఎముకలకి తెలుసు. సిపాయి కంట్లో దుమ్ము కొట్టడం గురించి రాత్రంతా ఆలోచించింది గానీ, మోసేవాళ్ళ భుజాల గురించి ఆలోచించలేదు.

ఆంబో మెడ తిప్పి ఆమె వంక చూశాడు. వెనక వరసలో ఒకడు పక్కవాడి వంక చూశాడు. ఆ పక్కవాడు ఇంకొకడి వంక. చూపు వరస వెంట పోయి, ముందు మూలకి వచ్చి, డెన్సియో దగ్గర ఆగింది.

డెన్సియో నేల వంక చూస్తున్నాడు.

“ఇల్లు బరువెక్కినట్టుంది,” అన్నాడు వెనకనించి ఒకడు.

“వయసొచ్చింది దానికి,” అన్నాడు ఆంబో. “మీ ఆవిడ బరువెక్కలేదూ? నడవండి.”

అందరూ నవ్వారు. నవ్వి నడిచారు. ఇక ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

పాన్యాంగ్ ఉప్పు జాడీ, కొంగులో గుప్పెడు బియ్యం పట్టుకుని ముందు నడిచింది. కొత్త చోటుకి ఉప్పూ బియ్యం ఇంటి కంటే ముందు పోవాలి. వెనకాల తార్సిలా చెయ్యి పట్టుకుని ముసలమ్మ. ఆ వెనక కొబ్బరి తోట మధ్యనించి, మనుషుల కాళ్ళ మీద, ఆకు కప్పు ఊపుకుంటూ ఇల్లు.

ఏరు దగ్గరికి వచ్చేదాకా ఏమీ కాలేదు.

వంతెన అవతలి కొసన కాపలా సిపాయి ఉన్నాడు. కొత్తవాడు. మీసం ఇంకా సరిగా రాలేదు. పక్కన చేతి పట్టీతో మౌరో. పాన్యాంగ్ నడుం వంచి దండం పెట్టింది. సరిగా వంగకపోతే చెంప పగులుతుంది. సిపాయి తల ఊపాడు. తార్సిలా వంగింది. ముసలమ్మ కర్ర మీద ఆనుకుని, తీరిగ్గా, నేల తుడుస్తున్నట్టు వంగింది.

తర్వాత ఇల్లు వచ్చింది.

వంతెనకి కమ్ములు లేవు. వరదకి ఎప్పుడో కొట్టుకుపోయాయి. స్తంభాలు రెండు పక్కలా నీళ్ళ మీద వేలాడుతుంటే, మోసేవాళ్ళు పలకల మధ్యన అడుగులో అడుగేసి వస్తున్నారు. కొస దాకా వచ్చారు. సిపాయి తుపాకి అడ్డం పెట్టి ఏదో అరిచాడు.

“దండం పెట్టమంటున్నాడు,” అన్నాడు మౌరో.

ఆంబో ఆగాడు. ఇల్లూ ఆగింది. “మౌరో, కళ్ళుండే అంటున్నావా? మెడ మీద ఇల్లుంది.”

“అందరికీ ఒకటే పద్ధతి. ఇల్లు దించండి. వంగి దండం పెట్టండి. ఆయన లోపల ఒకసారి చూసుకుంటాడు. పోతారు.”

పాన్యాంగ్ జాడీని రెండు చేతులా పట్టుకుంది. దించితే అంతే. సిపాయి ఎక్కుతాడు. గాదె మూత తీస్తాడు.

  ఏటి చప్పుడు, మోసేవాళ్ళ ఊపిరి మాత్రం వినిపించాయి.

“మావయ్యా,” అన్నాడు డెన్సియో.

మౌరో మేనల్లుడి వంక చూశాడు. అప్పుడే చూసినట్టు చూశాడు. “నువ్వు కూడా ఉన్నావా?”

“ఏడాదిగా ఉన్నాను. మావయ్యా, ఇక్కడ దించితే స్తంభాలు ఏట్లోకి వేలాడతాయి, ఇంటి నేల వచ్చి పలకల మీద కూచుంటుంది. కిందకి చెయ్యి దూరదు. మళ్ళీ లేపడం మా వల్ల కాదు. ఇల్లు వంతెన మీదే ఉండిపోతుంది. సాయంత్రం సైన్యం లారీలు ఎట్లా పోతాయి?”

“అయితే దండం ఎవడు పెడతాడు?”

“ఇల్లు పెడుతుంది,” అన్నాడు డెన్సియో.

మౌరో కాసేపు వాడి మొహం చూశాడు. తర్వాత సిపాయి వైపు తిరిగి, వచ్చీరాని జపాను భాషలో, చేతులతో చూరు చూపించి, తన నడుం వంచి చూపించాడు. సిపాయికి అర్థం కాలేదు. మళ్ళీ చూపించాడు. సిపాయి నోరు తెరిచి ఇంటి వంక చూశాడు.

“ముందు వరస మోకాళ్ళు వంచు,” అన్నాడు ఆంబో. “వెనక వరస చేతుల మీదికి ఎత్తు. మెల్లగా. కొత్త పెళ్ళికూతుర్ని వంచినట్టు.”

ముందు వరస మోకాళ్ళు వంగాయి. వెనకవాళ్ళు బొంగులు నెత్తికి పైన ఎత్తారు. ఇల్లు ముందుకి ఒరిగింది. చూరు దిగి దిగి, టోపీ దింపుకున్న ముసలాడిలా, సిపాయి గుండీల దాకా వచ్చి ఆగింది.

సిపాయి నవ్వాడు. చిన్నపిల్లాడిలా నవ్వాడు. కాపలా గుడిసెలో ఉన్న తన తోటివాళ్ళని కేకేశాడు. ఇద్దరు బయటికొచ్చారు.

“మళ్ళీ పెట్టమంటున్నాడు,” అన్నాడు మౌరో.

“ముసలి ఇల్లు,” అన్నాడు ఆంబో. “నడుం పట్టేస్తుంది.”

“మళ్ళీ పెట్టమంటున్నాడు.”

మళ్ళీ పెట్టారు. ఈసారి లోపల ఏదో దొర్లింది. మట్టిది. గోడకి కొట్టుకుని పగిలింది. ఆ వెంటనే లోపలినుంచి ఒక మూలుగు వచ్చింది. గుడ్డ కొరికిన నోటి నుంచి వచ్చే మూలుగు.

పాన్యాంగ్ కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే తనే చెప్పేసినట్టవుతుంది.

ఆ మూలుగు ఇంకా పూర్తి కాకముందే ఆంబో గొంతెత్తాడు. “హోయ్ సా.” వెనక వరస అందుకుంది. “హోయ్ సా.” ఇళ్ళు మోసేటప్పుడు వేసే కేకే. కానీ ఇల్లు కదలకుండా ఆ కేక వేయడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. పట్నం కుక్కలు మొరిగాయి. తార్సిలా కూడా కేక అందుకుంది. ఆడవాళ్ళు వేయకూడని కేక అది. ఈ రోజు ఎవరూ తప్పు పట్టలేదు.

ఇల్లు మెల్లగా నిటారైంది. అప్పుడు కారింది.

నేల బద్దల సందులోంచి ఎర్రగా ఒక ధార, డెన్సియో మెడ మీద పడి, ఉతికిన చొక్కా మీదికి దిగింది. మళ్ళీ ఒకటి. వాడు కదలలేదు.

సిపాయి నవ్వు ఆగింది. తుపాకి కొసన ఉన్న కత్తితో ఆ ఎరుపుని చూపించాడు. ఒక అడుగు ముందుకు వేశాడు. ఇంకొకటి. తల ఎత్తి సందుల్లోంచి పైకి చూడబోయాడు.

“నా పిడత పగలగొట్టారు,” అంది సెగుండా ముసలమ్మ.

కర్ర టకటకలాడించుకుంటూ సిపాయికీ ఇంటికీ మధ్యకి వచ్చేసింది. “మూలనుంది, తెచ్చివ్వండి, తెచ్చివ్వండి అని మనసులో మొత్తుకుంటూనే ఉన్నా. ఒక్కరికీ పట్టలేదు. ఒరే డెన్సియో, నా ఉమ్మంతా నీ నెత్తినే పోసుకున్నావు కదరా. అల్లుడివి కాకముందే ఇంత ప్రేమైతే ఎట్లా?”

సిపాయికి మాట అర్థం కాలేదు. ముసలమ్మ ఇంకొంచెం తేలిక చేసింది. నోరు తెరిచి ఎర్రటి పళ్ళు చూపించి, అతని బూటు పక్కన పలక మీద చిక్కగా ఉమ్మేసింది. ఎరుపు ఎరుపే. డెన్సియో మెడ మీదున్నదీ, పలక మీదున్నదీ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉన్నాయి.

సిపాయి ఛీ అని వెనక్కి గెంతాడు. గెంతి, చెయ్యెత్తాడు.

దెబ్బ ముసలమ్మ మీద పడలేదు. మధ్యలో ఉన్న మౌరో చెంప మీద పడింది. కావాలని అడ్డం వచ్చాడో, ఏదో చెప్పబోయి పొరపాటున వచ్చాడో పాన్యాంగ్ చూడలేకపోయింది. మౌరో టోపీ ఏట్లో పడింది. అతను దాని వంక చూడలేదు. సిపాయికి నడుం వంచి దండం పెట్టాడు.

సిపాయి చెయ్యి ఊపాడు. పొమ్మన్నాడు.

ఇల్లు వంతెన దిగి పట్నంలో అడుగుపెట్టింది.

వాళ్ళకిచ్చిన చోటు మౌరో పెరటి కంచెకి ఆనుకునే ఉంది. ఎవరిని ఎక్కడ పెట్టాలో చెప్పింది మౌరోనే. గుంటలు ముందే తవ్వి ఉన్నాయి. ఇల్లు దించి, స్తంభాలు నిలబెట్టి, మట్టి తొక్కారు. పాన్యాంగ్ ఉప్పూ బియ్యం లోపల పెట్టొచ్చింది. వచ్చేముందు గాదె అల్లిక సందులో వేలు పెట్టింది.

“ఉన్నావా?”

“రెండోసారి ఎందుకు వంచారు?” అన్నాడు ఒనొఫ్రే. గొంతు దారంలా ఉంది. “మొదటిది సరిగా కుదర్లేదా?”

ఆమెకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. రెండూ మింగి కిందికి దిగింది. కట్టు ఊడి ఉంటుంది. తూటా తీసేవాడు కావాలి. వంతెన దాటించింది గానీ, ఇప్పుడు వైద్యుణ్ణి మౌరో కళ్ళ ముందు నుంచి ఈ ఇంట్లోకి ఎట్లా తేవడం?

మోసినవాళ్ళకి అన్నం పెట్టాలి. అన్నం లేదు. ఉడకేసిన కర్రపెండలం, కొబ్బరి కోరు, అల్లం నీళ్ళు పెట్టింది. అరిటాకుల్లో పెట్టుకుని తిన్నారు. ఒక్కరూ ఇంటి వంక చూడలేదు. అందరూ ఇంటికి వీపు పెట్టి కూచున్నారు. పల్లె మనుషులు అంత పద్ధతిగా వీపులు పెట్టుకుని కూచోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

ఆంబో చెయ్యి కడుక్కుంటూ దగ్గరికి వచ్చాడు.

“పండగలకి అన్నం బాకీ ఉన్నావు చెల్లీ.”

“పెడతాను అన్నా. మీరందరూ ఈ రోజు చాలా...”

“ఏం మోశాం మేము? ఇల్లు మోశాం.” తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “మోసేవాడికి బరువు తెలుస్తుంది. పేరు తెలీదు.”

వాళ్ళు వెళ్ళిపోయారు. డెన్సియో వెళ్ళలేదు. కొత్త చోటు కదా, నీళ్ళు లేవు కదా అని, కావిడి వేసుకుని పట్నం బావికి పోయి రెండు కుండలూ నింపుకొచ్చి నిచ్చెన పక్కన దించాడు. మెడ మీది మరక ఎండి నల్లబడింది.

“చొక్కా విప్పు,” అంది పాన్యాంగ్. “ఉతికిస్తాను.”

“పర్లేదత్తా.”

“అత్తా అని ఎవడు పిలవమన్నాడు? విప్పు.”

విప్పి ఇచ్చాడు. ఆమె మరకని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక చోట ఆకూ సున్నం వాసన. పక్కనే ఇంకో చోట ఇనుము వాసన. ఆ వాసన ఆమెకి ఈ మధ్య బాగా తెలుసు.

తల ఎత్తింది. డెన్సియో ఆమెనే చూస్తున్నాడు.

“ఎప్పట్నించి తెలుసు?”

“పందిని సైన్యం పట్టుకుపోయినప్పట్నించి.”

“పందికీ దీనికీ ఏమిటి?”

“నా నీళ్ళు మీరు తాగరు కదా. గిన్నెలకీ, కాళ్ళకీ, పందికీ. పంది పోయింది. నీళ్ళు తగ్గాలి కదా? తగ్గలేదు. ఇంకా ఎక్కువయ్యాయి. ఏడాది మోసినవాణ్ణి, ఏ కుండ ఎందుకు ఖాళీ అవుతుందో నాకు తెలీదా అత్తా? ముగ్గురు ఆడవాళ్ళు ఎంత కడుక్కున్నా అన్ని నీళ్ళు కావు. ఎవరిదో పుండు కడుగుతున్నారు.”

తార్సిలా గిన్నెలు సర్దడం ఆపింది.

“ఎవరికి చెప్పావు?” అంది పాన్యాంగ్.

“ఎవరికైనా చెప్పుంటే ఇల్లు ఎత్తనిచ్చేవాళ్ళా?”

“మీ మామకి?”

వాడు కంచె వైపు చూశాడు. “మా మావయ్య నన్ను అడగలేదు. అడగకపోవడం చూసి నాకు కూడా భయంగానే ఉంది.” గొంతు తగ్గించాడు. “ఆదివారం మా వాళ్ళు వస్తారు అత్తా, పిల్లని అడగడానికి. పద్ధతిగా, పెద్దలతో. మీరు రమ్మంటేనే. ఆ వచ్చేవాళ్ళలో మా అమ్మ తరఫున ఒకాయన ఉంటాడు. ఆకూ వక్కా సంచీ పట్టుకొస్తాడు. సంచీలో ఆకులు తక్కువ ఉంటాయి. కత్తులు, దూదీ ఎక్కువ ఉంటాయి. పెద్దలు ముందు వసారాలో మాట్లాడుకుంటుంటే, ఆయన లోపలి గదిలో పని చూసుకుంటాడు.”

“పెద్దలంటే ఎవరు? మీ వైపు మాట్లాడేదెవరు?”

“నాకు నాన్న లేడు కదత్తా. మా మావయ్యే.”

మౌరో వసారాలో కూచుని పెళ్ళి మాటలు మాట్లాడతాడు. గోడ వెనక కొడుకు తొడ కోస్తారు. పాన్యాంగ్ ఆ బొమ్మ మనసులో ఒకసారి చూసుకుంది. పిచ్చి పని. కానీ పట్నమంతా వెతికినా అంత భద్రమైన చోటు ఇంకొకటి లేదు. పేటపెద్ద కూచుని ఉన్న ఇంటిని ఏ సిపాయి సోదా చేస్తాడు?

“దీనికి బదులు పిల్లని అడుగుతున్నావా?” అంది.

“లేదత్తా.” వాడి మొహం ఎర్రబడింది. “పిల్లని ఏడాది ముందే అడిగాను. మీరు కాదన్నా ఆయన వస్తాడు. వేరే దారి చూస్తాను.”

తార్సిలా తల్లి వంక చూడకుండా గిన్నె బోర్లించింది. చాలా నెమ్మదిగా బోర్లించింది.

పాన్యాంగ్ కొబ్బరి చిప్ప తీసుకుంది. డెన్సియో తెచ్చిన కుండలో ముంచింది. చిప్ప నోటి దాకా తెచ్చిందో లేదో, కంచె అవతల దగ్గు వినిపించింది.

మౌరో. టోపీ లేని తల. చెంప మీద వేళ్ళ అచ్చులు ఇంకా పోలేదు. కంచె తలుపు తోసుకుని ఇవతలికి వచ్చాడు. మేనల్లుణ్ణీ, వాడి ఒంటి మీద లేని చొక్కానీ, ఆమె చేతిలో చిప్పనీ చూశాడు.

“ఇల్లు బాగా వంగింది పాన్యాంగ్,” అన్నాడు.

“పెద్దవాళ్ళు చెబితే వంగుతుంది.”

“ఆ గాదె. సైన్యం వాళ్ళు పట్నంలో గాదెలన్నీ తీసుకుంటున్నారు. వాళ్ళ బియ్యం పోసుకోవడానికి. రేపు వస్తారు. గుమ్మం పట్టకపోతే గోడ కోస్తారు.” ఒక్క క్షణం ఆగాడు. “ఖాళీదేనా?”

రేపు. ఆదివారం కాదు, రేపు.

పాన్యాంగ్ చిప్ప ఎత్తి, అతను చూస్తుండగా, మేనల్లుడి నీళ్ళు గటగటా తాగింది. చివరి చుక్క దాకా తాగి చిప్ప బోర్లించి చూపించింది. తార్సిలా చేతిలో గిన్నె కింద పడింది.

“మనం చుట్టాలమయ్యాం, బావగారూ,” అంది పాన్యాంగ్. “ఇక మా ఇంట్లో ఏముందో అది మీ ఇంట్లో ఉన్నట్టే. మా గోడ కోస్తే మీ గోడ కోసినట్టే. ఆ మాట వాళ్ళకి ఎట్లా చెబుతారో మీరే చూసుకోండి.”

మౌరో చెంప తడుముకున్నాడు. కంచె పక్కన ముసలమ్మ కొత్త ఆకుకి సున్నం రాసుకుంటోంది.

అప్పుడు ఇంట్లో ఎవరో దగ్గారు.

మౌరో తల తిప్పి చూశాడు. ముసలమ్మ కంచె పక్కన ఉంది. తార్సిలా గిన్నెల దగ్గర ఉంది. డెన్సియో కుండల దగ్గర ఉన్నాడు. పాన్యాంగ్ ఎదురుగా ఉంది. ఇంటివాళ్ళందరూ బయటే ఉన్నారు.

“కొత్త చోటుకి ఉప్పూ బియ్యం ముందు పోవాలంటారు,” అన్నాడు మౌరో. “పోయాయా?”

“పోయాయి.”

“అయితే నేనూ పోవచ్చు.”

చెప్పులు విడిచాడు. నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. డెన్సియో ఒక అడుగు కదిలాడు. పాన్యాంగ్ చెయ్యి అడ్డం పెట్టి వాణ్ణి ఆపింది. తనే పక్కకి తప్పుకుని దారిచ్చింది.

“తల వంచుకుని వెళ్ళండి, బావగారూ,” అంది. “మా గుమ్మం పొట్టిది.”

మౌరో ఆమె వంక ఒకసారి చూసి, తల వంచి లోపలికి వెళ్ళాడు.